ముల్కీ భార్య నుంచి ఆశ్రిత వీసా వరకు: అబిడ్స్, నాంపల్లి కేంద్రంగా వివాహ ధ్రువీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం:

వివాహం వల్ల ఒక వ్యక్తికి పరాయి దేశంలో నివసించే హక్కు ఎలా సంక్రమిస్తుంది? ఆ హక్కు కోసం వివాహాన్ని ఎవరి ముందు, ఏ కాగితంతో రుజువు చేయవలసి వస్తుంది? ఈ రెండు ప్రశ్నలను హైదరాబాదు చరిత్ర నుంచి, ప్రత్యేకించి అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలతో ముడిపడిన సంఘటనల నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నిజాం రాజ్యపు ముల్కీ నిబంధనలలోని భార్యకు సంబంధించిన అంశం, 1898 నాటి సరోజినీ నాయుడు వివాహం, నేటాలు తెలుగువారి అనుభవం, నాంపల్లిలో జారీ అయ్యే వివాహ ధ్రువపత్రాలు, అమెరికా హెచ్-4 వీసా, భారత పౌరసత్వ చట్టంలో వచ్చిన మార్పులు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: ముల్కీ, భార్య, వివాహ నమోదు, నికాహ్‌నామా, హెచ్-4, పౌరసత్వం, గోల్డెన్ త్రెషోల్డ్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి అమెరికాకు సాగిన వలసను గురించి రాసేవారు సాధారణంగా సాఫ్ట్‌వేరు రంగంతో మొదలుపెడతారు. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు ప్రారంభం కావడం, 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు తరలడం ఈ కథనంలో ప్రధాన ఘట్టాలు. అంతకు ముందు వీసా కోసం తెలుగువారు చెన్నపట్నం రైలెక్కేవారు. ఈ కథనంలో ఉద్యోగి కనిపిస్తాడు. అతని వెంట వెళ్ళిన భార్య మాత్రం ఒక అనుబంధంగానే మిగిలిపోతుంది. ఆమె చేతిలోని కాగితాల చరిత్ర వేరు. అది కాన్సులేటు గుమ్మంలో మొదలైనది కాదు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం, నాంపల్లి హజ్ హౌస్, కోర్టుల దగ్గరి నోటరీ బల్ల, అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు మీదుగా సాగిన చరిత్ర అది.

'భార్య' శబ్దం 'భృ' ధాతువు నుంచి వచ్చింది. భరింపదగినది, పోషింపదగినది అని వ్యుత్పత్తి. 'భర్త' భరించేవాడు. ఆధునిక వీసా చట్టాలలో జీవిత భాగస్వామికి వాడే 'డిపెండెంట్' అనే మాట ఈ ప్రాచీన వ్యుత్పత్తికి దాదాపు యథాతథమైన అనువాదంలా కనిపిస్తుంది. ఈ పోలికను యాదృచ్ఛికమని కొట్టిపారేయడం తేలికే. అయితే స్త్రీ ఉనికిని భర్త ఉనికిలో లీనం చేసిన న్యాయభావన సంస్కృత స్మృతులకో, ఆంగ్ల న్యాయశాస్త్రానికో పరిమితమైనది కాదు. ఆ భావన నిజాం రాజ్యపు ఉద్యోగ నిబంధనలలోకి కూడా ప్రవేశించింది. మన పరిశీలన అక్కడి నుంచి మొదలుకావడం సముచితం.

2. ముల్కీ నిబంధనలలో భార్య

'ముల్క్' అంటే దేశం. ముల్కీ ఆ దేశానికి చెందినవాడు, గైర్‌ముల్కీ పరాయివాడు. ఉత్తర హిందూస్థానం నుంచి, మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చినవారు రాజ్యంలోని ఉద్యోగాలను ఆక్రమిస్తున్నారన్న ఫిర్యాదు పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధం నుంచీ ఉంది. హిజ్రీ 1337 రంజాన్ 25న, అనగా 1919లో, ఏడవ నిజాం జారీ చేసిన ఫర్మానాతో ముల్కీ నిర్వచనం స్థిరపడి హైదరాబాదు సివిల్ సర్వీసు నిబంధనలలో చేరింది. దాని ప్రకారం నాలుగు మార్గాలలో ఒకరు ముల్కీ అవుతారు. మొదటిది పుట్టుక. రెండవది నివాసం: కనీసం పదిహేనేళ్ళు స్థిరంగా ఉండి, పూర్వస్థలానికి తిరిగి వెళ్ళే తలంపు విడిచినట్లు మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రం సమర్పించాలి. మూడవది, పుట్టిన నాటికి తండ్రి పదిహేనేళ్ళ ప్రభుత్వ సేవ పూర్తిచేసి ఇంకా ఉద్యోగంలో ఉండడం. నాలుగవది, ఆమె ఒక ముల్కీకి భార్య కావడం.

ముల్కీ చరిత్రను రాసినవారిలో ఎక్కువమంది రెండవ మార్గం దగ్గరే ఆగారు. 1952 సెప్టెంబరు ఆందోళనకు, 1969 ఉద్యమానికి, 1972 నాటి సుప్రీంకోర్టు తీర్పుకు కేంద్రబిందువు ఆ పదిహేనేళ్ళ షరతే కాబట్టి అది సహజం. కాని నాలుగవ అంశం మీద కొంతసేపు నిలబడవలసి ఉంది. మొదటి మూడు అంశాల భాష పుంలింగంలో సాగి, నాలుగవదానిలో ఒక్కసారిగా స్త్రీలింగానికి మారుతుంది. బెజవాడలో పుట్టిన పురుషుడు పదిహేనేళ్ళు హైదరాబాదులో ఉండి, వెనక్కి వెళ్ళనని ప్రమాణం చేస్తే గాని ముల్కీ కాడు. అదే బెజవాడలో పుట్టిన స్త్రీ మెడలో ముల్కీ అయినవాడు తాళి కట్టిన క్షణమే ముల్కీ అవుతుంది. పైకి చూడడానికి ఇది ఔదార్యం. స్త్రీకి స్వంతంగా 'దేశం' లేదనీ, భర్త దేశమే ఆమె దేశమనీ అన్న భావన ఆ ఔదార్యానికి పునాది. ముల్కీ స్త్రీని పెళ్ళాడిన గైర్‌ముల్కీ పురుషుడికి సమానమైన మార్గం ఆ నాలుగింటిలో లేకపోవడమే ఇందుకు నిదర్శనం. పుట్టుకతో ముల్కీ కావడానికి కూడా తండ్రి ముల్కీ అయి ఉండాలి. తల్లి ప్రసక్తి లేదు.

ఈ విషయంలో హైదరాబాదును వేరుగా నిలబెట్టి నిందించడం న్యాయం కాదు. బ్రిటిషు సామ్రాజ్యంలో 1914 చట్టం ప్రకారం బ్రిటిషు ప్రజ భార్య బ్రిటిషు ప్రజ, విదేశీయుడి భార్య విదేశీయురాలు. అమెరికాలో 1907 చట్టం పరదేశిని పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వాన్ని తొలగించింది. 1922లో ఆ నియమాన్ని సడలించినా, పౌరసత్వానికి అనర్హులైన వారిని, అంటే ఆసియావాసులను, పెళ్ళాడినవారికి సడలింపు వర్తించలేదు. బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ను వివాహమాడిన మేరీ తన పుట్టిన దేశంలోనే పౌరసత్వం కోల్పోయింది ఈ కారణంగానే. 1919 నాటి హైదరాబాదు నిబంధన ఆనాటి ప్రపంచ న్యాయభాషలోనే మాట్లాడుతోంది.

నాంపల్లి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి పేరు తెలియని హైదరాబాదీ ఉండడు. ఆ పేరు ఒక విదేశీ వధువుది. 1924లో టర్కీ నుంచి బహిష్కృతమైన ఉస్మానియా రాజవంశానికి చెందిన నీలోఫర్, దుర్రె షెహ్వార్‌లు 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కుమారులను వివాహమాడి హైదరాబాదు చేరారు. పుట్టిన దేశం తలుపులు మూసిన ఇద్దరు యువతులకు వివాహం ఒక్కటే ఒక 'ముల్క్'ను ఇచ్చింది. రాజకుటుంబానికి ఉద్యోగ నిబంధనలతో పని ఉండదన్నది నిజమే. అయినా నిబంధన వెనుక ఉన్న తర్కం వారి జీవితాలలో ఎంత స్పష్టంగా అమలైందో గమనించవచ్చు. నీలోఫర్ 1952లో విడాకులు పొందిన తర్వాత ఐరోపాలోనే స్థిరపడింది.

ముల్కీ నిబంధనల చివరి దశ పరిశోధక పాఠకులకు సుపరిచితమే. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటి చెల్లుబాటును సమర్థించింది. ఆంధ్ర ప్రాంతంలో ఉద్యమం చెలరేగింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చి, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు 'స్థానిక అభ్యర్థి'ని చదువు, నివాసం ఆధారంగా నిర్వచించింది. ఆ నిర్వచనంలో వివాహానికి చోటు లేదు. పెళ్ళి చేసుకొని వచ్చిన కోడలు ఇక ఆ ఒక్క కారణంతో స్థానికురాలు కాజాలదు. అంతమాత్రాన భార్య అనే వర్గం ప్రభుత్వ కాగితాల నుంచి పూర్తిగా తొలగిపోయిందనుకోకూడదు. మన విశ్వవిద్యాలయాల ప్రవేశ ప్రకటనల చివర ఇప్పటికీ ఉటంకించే 1979 నాటి 646వ నంబరు జీవోను తెరచి చూడవచ్చు. పదిహేను శాతం అన్‌రిజర్వుడు సీట్లకు అర్హులైన వారి జాబితాలో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత భాగస్వాములు ఉన్నారు. ఇక్కడ మాట 'భార్య' కాదు, 'జీవిత భాగస్వామి'. అరవై ఏళ్ళలో వచ్చిన ఆ ఒక్క పదం మార్పు చిన్నది కాదు. కాకపోతే దరఖాస్తుదారు హక్కు ఇప్పుడు కూడా మరొకరి ఉద్యోగ ధ్రువపత్రం మీదనే ఆధారపడి ఉంది.

3. గోల్డెన్ త్రెషోల్డ్: కాగితం మీది పెళ్ళి

అబిడ్స్ పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసి అక్కడ దుకాణం నడిపిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్‌ది. పరదేశి పేరుతో పిలిచే ఈ కూడలి నుంచి నాంపల్లి స్టేషను వైపు నడిస్తే గోల్డెన్ త్రెషోల్డ్ వస్తుంది. సరోజినీ నాయుడు నివాసమైన ఈ భవనంలోనే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది. సరోజిని తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నిజాం రాజ్యానికి విద్యాసేవ చేయడానికి వచ్చిన బెంగాలీ. 1883లో చందా రైల్వే వ్యవహారంలో ప్రభుత్వాన్ని విమర్శించినందుకు ఆయనను రాజ్యం నుంచి బహిష్కరించి, తర్వాత మళ్ళీ రానిచ్చారు. బయటినుంచి వచ్చినవారి నివాసం పాలకుల దయ మీద ఎంతగా ఆధారపడి ఉండేదో ఆ ఇంటివారికి అనుభవపూర్వకంగా తెలుసు.

1898 డిసెంబరులో మద్రాసులో సరోజినికి, డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడికి వివాహం జరిగింది. కందుకూరి వీరేశలింగం పంతులు దాన్ని నిర్వహించారు. సాహిత్య చరిత్రలో దీన్ని కులాంతర వివాహంగా, భాషాంతర వివాహంగా చెప్పుకుంటాం. మన చర్చకు అవసరమైన అంశం మరొకటి: అది 1872 నాటి మూడవ చట్టం ప్రకారం జరిగిన వివాహం. ఆ చట్టం కింద పెళ్ళాడదలచినవారు రిజిస్ట్రారుకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తాము హిందూ, ముస్లిం, క్రైస్తవాది మతాలను అవలంబించడం లేదని ప్రకటించాలి. ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు చేయాలి. మంత్రాలు చదివారా, తలంబ్రాలు పోశారా అన్నవి ఆ చట్టానికి అక్కరలేని సంగతులు. పెళ్ళికి ప్రాణం రిజిస్టరులోని నమోదు. వీరేశలింగం విధవా వివాహాలు జరిపించిన కాలంలో వివాదమంతా శాస్త్రం ఒప్పుతుందా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. ఇక్కడ శాస్త్రం స్థానంలోకి రిజిస్ట్రారు వచ్చాడు. తెలుగు సంస్కరణోద్యమ చరిత్రలో ఈ మార్పును తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

కాగితం లేని పెళ్ళికి ఏమయ్యేదో చెప్పడానికి కోఠీ రెసిడెన్సీ దగ్గరలోనే ఉంది. రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల వివాహం మీద గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కాలంలో విచారణ జరిగింది. 1805లో వారి ఇద్దరు పిల్లలను ఓడలో ఇంగ్లండు పంపారు. అదే ఏడాది అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. పిల్లలు ఆంగ్లేయ పేర్లతో ఇంగ్లండులో పెరిగారు. తల్లి ఇక్కడే ఉండిపోయి 1813లో కన్నుమూసింది. సామ్రాజ్యం తండ్రి రక్తాన్ని గుర్తించింది. తల్లి వివాహాన్ని గుర్తించలేదు.

4. సముద్రానికి అవతల: నేటాలు, బోస్టన్

జీవిత భాగస్వామి వలసలో ధ్రువపత్రం కీలకం కావడం వీసాల యుగపు విషయమని చాలామంది అనుకుంటారు. తెలుగువారి విషయంలో దాని మూలం దక్షిణాఫ్రికాలో ఉంది. 1860 నుంచి 1911 వరకు నేటాలుకు వెళ్ళిన కూలీలలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన వివాహం వలస చట్టం దృష్టిలో వివాహం కాదని దాని సారాంశం. ఒక్క తీర్పుతో హిందూ, ముస్లిం భార్యలందరూ చట్టం కంటికి భార్యలు కాకుండా పోయారు. ఆ ఏడాది సత్యాగ్రహంలోకి స్త్రీలు పెద్దసంఖ్యలో రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. మూడు పౌన్ల పన్ను కూలీల కడుపు మీద కొట్టింది. ఈ తీర్పు వారి ఇంటి గౌరవాన్నే ప్రశ్నించింది.

1914 నాటి ఉపశమన చట్టం ఒక భర్తకు ఒక భార్యను గుర్తించింది. 1927 కేప్‌టౌన్ ఒప్పందంలో ఈ చరిత్రకు అత్యంత ముఖ్యమైన షరతు చేరింది. ప్రవేశం కోరే ప్రతి స్త్రీ ఫలానావ్యక్తికి చట్టబద్ధమైన భార్య అని భారత ప్రభుత్వం ధ్రువీకరించాలి. ఊళ్ళో పెళ్ళి అందరికీ తెలుసు. పురోహితుడికి తెలుసు, మేళం వాయించినవారికి తెలుసు, భోజనం చేసిన బంధువులకు తెలుసు. ఆ తెలివిడి మొత్తాన్ని ఒక అధికారి సంతకంగా మార్చితే గాని డర్బను రేవులో దిగనివ్వరు. 1953లో దక్షిణాఫ్రికా భారతదేశం నుంచి భార్యల రాకనే నిషేధించింది. అక్కడితో ఆ సంతకానికి కూడా విలువ లేకపోయింది.

అమెరికా విషయంలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని తలచుకోకుండా ముందుకు పోలేం. భీమవరంలో పుట్టి, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయంతో 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరిన సుబ్బారావు 1948లో అమెరికాలోనే మరణించేవరకు స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆ ఎడబాటుకు చట్టం ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. డబ్బు ఇబ్బందులు, పరిశోధన పట్ల ఆయన ఏకాగ్రత కూడా అందులో ఉన్నాయి. అయితే ఆ కాలపు చట్టాన్ని చూడకుండా దాన్ని వ్యక్తిగత విషాదంగా మాత్రమే రాయడం కూడా అసంపూర్ణమే. 1917 చట్టం ఆసియాలో అధికభాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అనర్హులని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1924 చట్టం పౌరసత్వానికి అనర్హులైనవారిని వలసదారులుగా రానివ్వలేదు. స్థిరపడే హక్కు లేనివాడికి భార్యను పిలిపించుకొనే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? 1946 జులైలో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా, పౌరసత్వార్హత ఇచ్చేనాటికి సుబ్బారావు వయసు యాభై దాటింది. మరో రెండేళ్ళకే ఆయన మరణించాడు. సుబ్బారావు మీద తెలుగులో వచ్చిన రచనలు ఆయన కనుగొన్న మందుల మీద నిలిపినంత దృష్టి ఆయన నివసించిన చట్టపరమైన స్థితి మీద నిలపలేదు.

5. నాంపల్లి కాగితం

1965 చట్టంతో అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. 1970 సవరణతో తాత్కాలిక ఉద్యోగుల జీవిత భాగస్వాములకు, కాబోయే వధూవరులకు వేర్వేరు వీసా తరగతులు ఏర్పడ్డాయి. అదే దశకంలో గల్ఫ్ దేశాలకు వలస ఊపందుకుంది. హైదరాబాదులో పెళ్ళికి కాగితం అవసరమైనది అప్పటి నుంచే. అంతవరకు తెలుగు కుటుంబాలకు శుభలేఖే పత్రం. హిందూ వివాహ చట్టం (1955) ఎనిమిదో విభాగం నమోదుకు వీలు కల్పించిందే గాని నమోదు లేనంత మాత్రాన పెళ్ళి చెల్లదనలేదు. ఏడవ విభాగం ఆచార ప్రకారం జరిగితే చాలంటుంది. సప్తపది ఆచారంలో ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుందని అదే విభాగం చెబుతుంది. తెలుగువారి లోకజ్ఞానంలో మాత్రం పెళ్ళి జరిగిన క్షణమంటే జీలకర్రబెల్లం, మాంగల్యధారణ. ఫొటోగ్రాఫరు తప్పిపోకుండా తీసేవి కూడా ఆ రెండే. ఇవాళ ఆ ఫొటోలే వీసా దరఖాస్తుతో జతపడుతున్నాయి. శాస్త్రం, చట్టం, లోకం మూడూ ముహూర్తాన్ని వేర్వేరు చోట్ల చూస్తుంటే, కాన్సులరు అధికారి మాత్రం రిజిస్ట్రారు ముద్ర మీది తేదీని చూస్తాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం చేసింది. 2006 ఫిబ్రవరిలో సీమా వర్సెస్ అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ నమోదు తప్పనిసరి చేయమన్నది. న్యాయస్థానం దృష్టిలో ఉన్నవి బాల్యవివాహాలు, ద్వితీయ వివాహాలు, భరణం వంటి సమస్యలు. జనం రిజిస్ట్రారు దగ్గరకు వెళ్ళింది ఎక్కువగా పాస్‌పోర్టు కోసం, వీసా కోసం. చట్టం స్త్రీ రక్షణను ఉద్దేశించింది, దాన్ని అమలు చేసింది మాత్రం వలస.

ముస్లిం కుటుంబాల విషయంలో ఈ చరిత్ర మరింత పాతది. నిజాం కాలం నుంచీ ఖాజీలు 'సియాహా' అనే నికాహ్ రిజిస్టరు నిర్వహించారు. వధువు పేరు, వరుడి పేరు, వకీలు, సాక్షులు, మెహర్ మొత్తం అందులో ఉంటాయి. మెహర్ ఎంతో రాసి ఉండే ఈ పత్రం స్త్రీ ఆర్థిక హక్కుకు ఆధారం. కాగితంతో పెళ్ళిని ముడివేయడంలో హైదరాబాదు ముస్లిం సమాజం హిందూ సమాజం కన్నా ముందుందని చెప్పవచ్చు. కాని ఉర్దూలో ఉన్న ఆ పత్రం జెడ్డాలోనో, షికాగోలోనో పనికిరావాలంటే ఆంగ్లంలో ధ్రువపత్రం కావాలి. అది నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగంలో లభిస్తుంది. ఖాజీ సియాహాతో సరిపోల్చి ఆంగ్ల పత్రం ఇస్తారు. మెహర్ హక్కును నమోదు చేసిన పుస్తకం ప్రయాణ హక్కును నమోదు చేసే పుస్తకంగా మారిపోయింది.

గల్ఫ్ వలసతో టెలిఫోను నికాహ్‌లు వచ్చాయి. సెలవు దొరకని వరుడు అక్కడ, వధువు ఇక్కడ, మధ్యలో ఫోను. సాక్షులు, వకీలు ఉన్నందువల్ల సమాజం దాన్ని ఒప్పుకుంది. అమెరికా వలస చట్టం మాత్రం వధూవరులు ఒకరి సమక్షంలో మరొకరు లేని వివాహాన్ని, దాంపత్యం సిద్ధిస్తే తప్ప, వివాహంగా లెక్కించదు. ఆ మినహాయింపు చదివినప్పుడు ఏ పడకగదికి ఏ అధికారి సాక్షి అన్న ప్రశ్న రాక మానదు. ఈ విషయంలో ఐరోపా చరిత్ర ఇంతకన్నా సిగ్గుచేటైనది. 1979లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో, పెళ్ళాడడానికి వచ్చిన భారతీయ స్త్రీకి కన్యత్వ పరీక్ష జరిపిన ఉదంతం పత్రికల్లోకి వచ్చాక బ్రిటిషు ప్రభుత్వం ఆ పద్ధతిని మానుకోవలసి వచ్చింది.

తెలుగు పేర్ల సమస్యను భాషాశాస్త్ర విద్యార్థులు తమ పరిశోధనాంశంగా స్వీకరించవలసి ఉంది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పైగా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో రెండు గడులు: ఇంటిపేరు ఒకటి, ఇచ్చిన పేరు మరొకటి. పదో తరగతి పత్రంలో పుట్టింటి పొడి అక్షరం, శుభలేఖలో 'చి.ల.సౌ.' తర్వాత పేరు మాత్రమే, వివాహ ధ్రువపత్రంలో తండ్రి పేరుతో సహా పూర్తి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు. నాలుగు కాగితాలలో నలుగురు స్త్రీలు కనిపిస్తారు. పేరంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదనే అర్థమిచ్చే 'ఎఫ్ఎన్‌యూ' అనే అక్షరాలు వచ్చి చేరతాయి. ఈ నలుగురూ ఒకరేనని నోటరీ ఎదుట ప్రమాణపత్రం రాయించుకోవడం నాంపల్లి కోర్టుల పరిసరాలలో నిత్యకృత్యం. 1919లో ముల్కీ కావడానికి మేజిస్ట్రేటు ఎదుట చేసిన ప్రమాణానికి ఇది దూరపు చుట్టం.

6. ఆశ్రిత స్థితి

హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే హెచ్-4 వీసా తెలుగు ఇళ్ళలో ఇంటిమాట. దానికి హైదరాబాదులోనే ఇంటర్వ్యూ. శాశ్వత నివాసి లేదా పౌరుడి భార్యగా వలస వీసాకు వెళ్ళేవారికి ముంబయి ప్రయాణం తప్పదు. ఎంటెక్ చదివిన అమ్మాయి, అధ్యాపకురాలిగా పనిచేసిన అమ్మాయి హెచ్-4 మీద వెళ్ళిన రోజు నుంచి జీతం పుచ్చుకొనే పని చేయడానికి వీల్లేదు. 2015 మే 26 నుంచి మాత్రమే, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన వారికి పని అనుమతి వచ్చింది. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల భారతీయుల వరుస దశాబ్దాలకు సాగుతోంది. అన్నేళ్ళూ ఆమె హక్కు అతని హక్కుకు నీడ.

పౌరుడి భార్య పరిస్థితి మెరుగేనా? 1986లో అమెరికా వివాహ మోస నిరోధక సవరణలు చేసింది. పెళ్ళై రెండేళ్ళు నిండకుండా శాశ్వత నివాసం పొందినవారికి అది షరతులతో కూడిన నివాసమే. రెండేళ్ళు ముగిసేముందు తొంభై రోజులలో భార్యాభర్తలు ఉమ్మడిగా దరఖాస్తు చేసి షరతు తొలగించుకోవాలి. సంతకం పెట్టనని భర్త అంటే? ఆ బెదిరింపు ఎంత బలమైన ఆయుధమో గుర్తించి 1990లోను, 1994 నాటి స్త్రీ హింసా నిరోధక చట్టంలోను బాధితులకు ఒంటరిగా దరఖాస్తు చేసుకొనే వెసులుబాటు ఇచ్చారు. దొంగపెళ్ళిని పట్టుకోవడానికి పన్నిన వల నిజమైన పెళ్ళిలోని దుర్బలురాలిని పట్టుకుంది. వలను సరిచేయడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆశ్రిత స్థితి అసలు స్వరూపం భర్త మరణంలో బయటపడుతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో హైదరాబాదీ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల జాతివిద్వేష కాల్పులలో మరణించారు. అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన భార్య సునయన దుమాల తిరిగి వెళ్ళే హక్కు తనకు మిగల్లేదని తెలుసుకున్నారు. ఆమె నివాసార్హత భర్త ఉద్యోగం నుంచి వచ్చినది. అతనితోనే అది పోయింది. ఆమె ఉద్యోగం, ఇల్లు, ఏళ్ళ తరబడి చెల్లించిన పన్నులు లెక్కలోకి రాలేదు. కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ జోక్యంతో ఆమెకు ఒక ఏడాదికి అనుమతి లభించింది. ఆమె తన అనుభవాన్ని బహిరంగంగా చెప్పడం వల్లనే ఈ విషయం పత్రికలకెక్కింది. వైధవ్యంతో స్త్రీ ఉనికి చెదిరిపోవడం మన పాత సాహిత్యంలోనిదని తరగతి గదిలో చెబుతుంటాం. ఇరవై ఒకటో శతాబ్దపు వలస చట్టంలో అది ఒక ఉపనిబంధనగా జీవించే ఉంది.

7. ఇక్కడికి వచ్చే జీవిత భాగస్వామి

ఇంతవరకు చూసినది తెలుగువారు బయటికి వెళ్ళిన కథ. బయటివారు పెళ్ళాడి ఇక్కడికి వస్తే మన చట్టం ఎలా ఉంది? 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద భారతీయుడు విదేశీయురాలిని ఇక్కడే పెళ్ళాడవచ్చు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో ముప్పై రోజులు నివసించి ఉండాలి. నోటీసు ముప్పై రోజులు బోర్డు మీద ఉండాలి. సరోజిని నాటి పద్నాలుగు రోజులు ఇప్పుడు ముప్పై అయ్యాయి. మతాన్ని నిరాకరించాలన్న షరతు పోయింది.

పౌరసత్వ చట్టం (1955) తొలి రూపంలో ఐదవ విభాగం మొదటి ఉపవిభాగంలోని 'సి' అంశం, భారతీయ పౌరులను వివాహమాడిన 'స్త్రీలు' నమోదు ద్వారా పౌరులు కావచ్చునన్నది. ముల్కీ నిబంధనలోని నాలుగవ అంశం గణతంత్ర భారతంలో మళ్ళీ కనిపించినట్లే. భారతీయ స్త్రీని పెళ్ళాడిన విదేశీయ పురుషుడికి ఆ దారి లేదు. సరిగ్గా ఇటువంటి తేడానే, భర్తలను భార్యలు తెచ్చుకోలేని బ్రిటిషు నిబంధనను, ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1985లో లింగవివక్షగా తేల్చింది. మన చట్టంలో 'స్త్రీలు' అన్న మాట 'వ్యక్తులు'గా మారింది 1986లో. సమానత్వం వచ్చిన ఆ సవరణతోనే ఐదేళ్ళ నివాస షరతు కూడా వచ్చింది. 2003 సవరణ దాన్ని ఏడేళ్ళు చేసింది: దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు నిరంతరాయంగా, అంతకు ముందరి ఎనిమిదేళ్ళలో మొత్తం ఆరేళ్ళు. పురుషుడికి తలుపు తెరిచినప్పుడే గడప ఎత్తు పెరగడాన్ని కాకతాళీయమని నేను అనుకోను. స్త్రీ భర్తలో లీనమవుతుందన్న నమ్మకం ఉన్నంతకాలం రాజ్యం ఆమెను అనుమానించలేదు. భాగస్వాములిద్దరూ వేర్వేరు వ్యక్తులని గుర్తించగానే ఇద్దరినీ అనుమానించడం మొదలుపెట్టింది.

పౌరసత్వం వద్దనుకొనేవారికి ప్రవాస భారతీయ పౌరుడి కార్డు ఉంది. 2015 సవరణ ప్రకారం భారత పౌరుడి విదేశీ జీవిత భాగస్వామి దీనికి అర్హులు. వివాహం నమోదై, దరఖాస్తు నాటికి రెండేళ్ళు నిరంతరాయంగా కొనసాగి ఉండాలి. విడాకులు మంజూరైతే కార్డును రద్దు చేసే అధికారం అదే చట్టంలోని 7డి విభాగం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పుట్టుక ద్వారా కార్డు పొందినవారికి ఈ భయం లేదు. పెళ్ళి ద్వారా పొందినవారు హైదరాబాదులో ఇరవై ఏళ్ళు కాపురం చేసినా, ఇక్కడే పిల్లలను పెంచినా, కార్డు భవిష్యత్తు కుటుంబ న్యాయస్థానపు డిక్రీతో ముడిపడి ఉంటుంది.